ఎదురుగాలి మాస్టారు

రహంతుల్లా మాస్టారు ఎవరితో పరుగెత్తినా ఓడిపోయేవారు. బందరులో ఆయన మీద గెలవని మనిషి లేడు, గెలవని పశువు లేదు. ఒకసారి రోడ్డు రోలరు కూడా గెలిచింది. ఇందులో విడ్డూరమేముంది, పరుగు చేతకానివాళ్ళు ఊరినిండా ఉంటారుగా అంటారేమో, కాస్త ఆగండి. ఈయన సాక్షాత్తూ ఒలింపిక్స్‌లో పరుగెత్తొచ్చిన మనిషి! ఇండియా అని రాసున్న బనీను తొడుక్కుని, సముద్రాలు దాటి వెళ్ళి, దొరల పక్కన గీత మీద వేళ్ళు ఆనించి వంగున్న మనిషి. ఆ ఫోటో ఆయనింట్లో ముందు గదిలో మేకుకి వేలాడుతూ ఉండేది. అది పరుగు మొదలైనప్పటి ఫోటో. అయిపోయినప్పటిది లేదా అంటే, తీశారట గానీ అందులో ఆయన పట్టలేదు.

ఓడిపోయినప్పుడల్లా మాస్టారు చెప్పే కారణం మాత్రం ఒక్కటే. గాలి ఎదురొచ్చింది. పోస్టుమాన్ దాటేసినా అదే మాట, గేదె దాటేసినా అదే మాట. ఒకరోజు రిక్షా రత్తయ్య ముగ్గురు ఆడవాళ్ళనీ ఒక బియ్యం బస్తానీ ఎక్కించుకుని, ఆయాసపడి తొక్కుతూ ఆయన్ని దాటేశాడు.

"ఏంటి సార్, వెనకబడ్డారు?"

"గాలి ఎదురొచ్చింది రత్తయ్యా."

"నాకూ ఆ గాలేగా సార్?"

"నీకు వెనక బియ్యం బస్తా ఉందిగా. అది దన్నుగా నెట్టింది."

రత్తయ్య ఆ సమాధానం గురించి కోనేరు సెంటరు దాకా ఆలోచించి, అక్కడ సవారీ దింపేసి, ఆలోచన కూడా దింపేశాడు. అప్పట్నుంచీ ఊళ్ళో ఆయన పేరు ఎదురుగాలి మాస్టారు.

ఆ పేరు విని మాస్టారు నవ్వేవారు. కుమిలిపోయింది ఆయన భార్య జోహ్రా.

జోహ్రా బాధ వేరు. పెళ్ళైన కొత్తలో వాళ్ళిద్దరూ మంగినపూడి సముద్రం ఒడ్డుకి వెళ్ళి ఇసకలో పందెం వేసుకున్నారు. కొత్త పెళ్ళికూతురు కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఒక చెప్పు ఊడిపోయినా వెనక్కి చూడకుండా పరుగెత్తి, ఒలింపిక్ మొగుణ్ణి ఓడించింది. ఇక ఆ సంగతి ఆవిడ చెప్పని గడప బందరులో లేదు. "మా ఆయన్ని ఓడించింది అయితే దొరలు, కాకపోతే నేను" అనేది, పాలు పోయించుకుంటూ, గాజులు తొడిగించుకుంటూ, పెళ్ళిళ్ళలో బిర్యానీ వడ్డిస్తూ. ఇప్పుడు చూడబోతే గేదెలు కూడా ఓడించేస్తున్నాయి! అడ్డమైనవాళ్ళూ గెలుస్తుంటే ఇక తన గెలుపుకి విలువేముంది? దొరల సరసన నిలబడ్డ తను కాస్తా గేదెల సరసన చేరిపోయింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జోహ్రా మనసు వెన్న. నోట్లో మాత్రం మాట నిలవదు. పొద్దున ఆవిడ చెవిన పడ్డ కబురు మధ్యాహ్నానికి చిలకలపూడిలో ఉండేది, సాయంత్రం గుడివాడ బస్సెక్కేది, మర్నాటికి అవనిగడ్డలోనూ దిగేది. పాపం ఆవిడకి ఎవరి మీదా కోపం ఉండి కాదు, తెలిసిన సంగతి చెప్పకుండా ఉంటే ఆవిడకి అన్నం అరగదు.

మాస్టారు హెడ్మాస్టరుగా చేరింది డెబ్బై ఎనిమిదిలో. ఆ హైస్కూలు పెట్టించింది గుడివాడ రైసుమిల్లు గోవర్ధనరావుగారు. వాళ్ళ నాన్నగారి పేరు మీద కట్టించి, ఆయనే కరస్పాండెంటుగా ఉండేవారు. క్రమశిక్షణ అంటే పడిచచ్చే మనిషి. మిల్లు గుమ్మంలో చెప్పులు కూడా వరసలో విడవాలనేవారు. కొత్త హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టారు.

"చూడండి మాస్టారూ, మన బళ్ళో లేటుగా వచ్చినవాణ్ణి ఇంటికి పంపేస్తాం. మూడోసారికి పేరు కొట్టేస్తాం. ఈ రూలు మాత్రం తప్పకూడదు."

"అలాగేనండి. కాకపోతే లేటని దేన్నిబట్టి అంటాం? భూషణం గంటని బట్టా?"

భూషణం బడి అటెండరు. వసారాలో వేలాడే రైలుపట్టా ముక్క మీద సుత్తితో గంట కొట్టడం అతని ఉద్యోగం. వాళ్ళావిడ ఇడ్లీ పెట్టిన రోజు ఆ గంట ఒక వేళకి మోగేది, చద్దన్నం పెట్టిన రోజు ఇంకో వేళకి మోగేది. గోవర్ధనరావుగారు తల పంకించారు.

"నిజమే. మరెలాగంటారు?"

"హెడ్మాస్టర్ని బట్టి పెట్టుకుందామండి. నేను గేటు దాటాక వచ్చినవాడు లేటు. ఇక వాడికి గేటు తియ్యం."

గోవర్ధనరావుగారి మొహం చాటంత అయింది. ఒలింపిక్ మనిషి కదా, కోడి కూయకముందే వచ్చి కూర్చుంటాడు, ఇక పిల్లకాయల పని సరి! అక్కడికక్కడే సంతకం పెట్టి, గేటు పక్క గోడ మీద నల్లరంగుతో బారెడేసి అక్షరాలు రాయించారు. 'ప్రధానోపాధ్యాయుల తరువాత వచ్చువారికి, ఎంతటివారికైనను, గేటు తెరువబడదు.' ఆ 'ఎంతటివారికైనను' అన్న ముక్క ఆయన స్వయంగా ఆలోచించి కలిపింది.

మర్నాటి నుంచి హెడ్మాస్టరు అందరికంటే ఆఖర్న రావడం మొదలుపెట్టారు.

పిల్లలందరూ వచ్చాక, మాస్టర్లు వచ్చాక, ఐసుఫ్రూటు బండివాడు కూడా వచ్చి బండి నిలబెట్టుకున్నాక, వీధి చివర దుమ్ము లేచేది. ఆ దుమ్ములోంచి ముందు ఓ పిల్లో పిల్లాడో సంచీ ఎగరేసుకుంటూ వచ్చేవాళ్ళు, వెనకాల తెల్ల ప్యాంటూ కాన్వాసు బూట్లతో మాస్టారు. ఎంత పరుగెత్తినా ముందున్నవాళ్ళని అందుకోలేకపోయేవారు. పోలియో కాలితో కర్ర ఊతంగా నడిచే తొమ్మిదో తరగతి కుర్రాడు కూడా ఆయన మీద గెలిచాడు. "సార్ మీద గెలిచా!" అని ఆ రోజల్లా కర్ర గాల్లో తిప్పుతూనే ఉన్నాడు. ఆ బళ్ళో లేటు అనే మాటే లేకుండా పోయింది.

ఇక్కడ జోహ్రాకి అర్థం కానిది ఒకటుంది. మాస్టారు ఇంట్లోంచి బయల్దేరేది పెందలాడే. బడి చూస్తే ఇంటికి కూతవేటు దూరం.

"ఏమండీ, అందరికంటే ముందు బయల్దేరతారు, అందరికంటే వెనక చేరతారు. మధ్యలో ఎక్కడ తగలడుతున్నారు?"

"ఎక్కడికీ లేదు జోహ్రా. గాలి..."

"యా అల్లా! బందరులో గాలి మీ ఒక్కరికేనా?"

"మిగతావాళ్ళు సన్నంగా ఉంటారు. గాలికి కనపడరు."

జోహ్రా అట్లకాడ పట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసేది. మాస్టారు ఊచలా ఉండేవారు.

ఇలా ఏడాది గడిచింది. గోవర్ధనరావుగారు గుడివాడలో మిల్లు చూసుకుంటూ, బందరు బళ్ళో క్రమశిక్షణ గురించి నందివాడ దాకా గొప్పలు చెప్పుకుంటూ ఉండేవారు. ఓ శనివారం ఆయన చెప్పాపెట్టకుండా పొద్దున్నే కారులో దిగారు. గేటు దగ్గర కారు ఆగేసరికి, తడిసిన పరికిణీతో, నెత్తిన ఖాళీ చేపలబుట్టతో ఓ పిల్ల రయ్యిమని ఆయన ముందునుంచి లోపలికి దూసుకుపోయింది. దాని వెనకాల, రొప్పుతూ, ఆయన ఏరికోరి తెచ్చుకున్న ఒలింపిక్ హెడ్మాస్టరు.

"ఏంటి మాస్టారూ ఇది! అందరికంటే ఆఖర్న మీరా? అదీ చేపలబుట్ట పిల్ల వెనకాలా?"

"గాలి ఎదురొచ్చిందండీ."

అసలే పరువు మనిషి. డ్రైవరు వింటున్నాడు, ఐసుఫ్రూటువాడు వింటున్నాడు. గోవర్ధనరావుగారికి చిర్రెత్తుకొచ్చింది.

"సోమవారం నేనొచ్చి ఈ గేటు దగ్గరే నిలబడతాను. గంట మోగేలోగా మీరు లోపలుండాలి. లేదంటే తాళాలు భూషణానికి ఇచ్చేసి ఇంటికి దయచెయ్యండి!"

భూషణం ఈ కబురు మోసుకొచ్చి చెప్పగానే జోహ్రా లబోదిబోమంది. ఉద్యోగంతో పాటు ఇల్లు కూడా పోతుంది, అది బడివాళ్ళ ఇల్లు. కాసేపు ఏడ్చింది, కాసేపు తిట్టింది, తర్వాత నడుం బిగించింది. ఆదివారమంతా ఆ ఇంట్లో ఇంకో ఒలింపిక్స్‌కి ఏర్పాట్లు జరిగాయి. కోడిపులుసు పెట్టింది. నువ్వులనూనె కాచి మాస్టారి పిక్కలకి తనే మర్దనా చేసింది. బూట్లకి సుద్ద పూసింది. దర్గాకి చాదర్ మొక్కుకుంది.

"రేపు మాత్రం గెలవాలండీ. నా మీద ఒట్టు."

"ఒట్లు వద్దు జోహ్రా."

"ఎందుకు వద్దు?"

"గాలి..."

"ఆ గాలి మాట ఇంకోసారి ఎత్తారంటే ఈ నూనె మీ నెత్తిన పోస్తా!"

సోమవారం మాస్టారు ఎప్పట్లాగే పెందలాడే బయల్దేరారు. ఆయన గెలుపు కళ్ళారా చూడాలని, బురఖా వేసుకుని జోహ్రా రత్తయ్య రిక్షా ఎక్కింది. వీధి మలుపు తిరిగాక చూస్తే ఏముంది! బడి కుడిపక్కన, మాస్టారు వెళ్తున్నది ఎడంపక్కకి. మార్కెట్టు దగ్గర మూడురోడ్ల కూడలికి చేరి, అటూ ఇటూ చూసి, సినిమా పోస్టర్లు అంటించే చెక్కబోర్డు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. బోర్డు కింద సుద్ద పూసిన కాన్వాసు బూట్లు రెండూ తళతళా మెరుస్తున్నాయి.

బడికెళ్ళే పిల్లలు గుంపులుగా వస్తున్నారు. బోర్డు ముందుకి రాగానే ఆగి, "గుడ్మార్నింగ్ సార్" అంటున్నారు.

"గుడ్మార్నింగ్. పరుగెత్తండి, పరుగెత్తండి" అంటోంది బోర్డు.

జోహ్రా నోరు తెరుచుకుపోయింది. "రత్తయ్యా, ఏమిటిది?"

"అయ్యో, మీకు తెలీదా అమ్మగారూ? సారు రోజూ ఇక్కడే ఉంటారు. ఆఖరి పిల్లకాయ దాటాక వెనకాల బయల్దేరతారు. బందరంతా తెలుసు."

"మరి నాకెవరూ చెప్పలేదే!"

రత్తయ్య తువ్వాలుతో సీటు తుడుస్తున్నట్టు నటించాడు. "మీతో చెబితే గుడివాడ దాకా వెళ్తుందనండి... అందరం అనుకుని ఊరుకున్నామండి."

ఊరి కబుర్లన్నీ ఊరికి చెప్పిన మనిషి దగ్గర ఊరంతా కలిసి ఒక కబురు దాచిపెట్టింది! జోహ్రాకి ఏడవాలో, రత్తయ్య నెత్తిన ఒక్కటివ్వాలో తెలియలేదు. రిక్షా దిగి విసవిసా బోర్డు వెనక్కి వెళ్ళింది.

"ఏం చేస్తున్నారిక్కడ?"

మాస్టారు అదిరిపడ్డారు. "పోస్టరు చూస్తున్నా."

"వెనకనించా?"

మాస్టారికి ఇక గాలి మీద తోసెయ్యడానికి వీల్లేకపోయింది. తల గోక్కున్నారు.

"ఎల్లమ్మ ఇంకా రాలేదు జోహ్రా."

ఎల్లమ్మ అంటే ఆ చేపలబుట్ట పిల్ల. ఉప్పెనలో దివిసీమలో ఇల్లూవాకిలీ పోయి, మిగిలిన మామ్మతో బందరు చేరింది. తెల్లారేసరికి గిలకలదిండి రేవుకి వెళ్ళి, పడవలొచ్చేదాకా ఉండి, చేపలు మామ్మ దగ్గరికి మార్కెట్టుకి మోసి, అప్పుడు బడికి బయల్దేరేది. పడవలు ఎప్పుడొస్తాయన్నది సముద్రం ఇష్టం. మాస్టారు ఈ బళ్ళో చేరకముందే ఆ పిల్లని రెండుసార్లు ఇంటికి పంపేశారు. ఇంకోసారి లేటైతే పేరు పోతుంది.

"అయితే గోవర్ధనరావుగారితో చెప్పుకోవచ్చుగా? దయ చూపించి గేటు తీస్తారు!"

"దయతో గేటు తీస్తే రోజూ తల దించుకుని రావాలి. నా మీద గెలిచి వస్తే తలెత్తుకుని వస్తుంది. ఎల్లమ్మ ఒక్కతే కాదు జోహ్రా, రోజుకొకరు ఉంటారు ఆఖర్న." మాస్టారు బోర్డు పక్కనించి రోడ్డు వైపు తొంగి చూశారు. "ఒలింపిక్స్‌లో మొదటి పరుగులోనే ఆఖర్న వచ్చా. అంతమంది జనం ఉన్నారా, ఒక్కడు నావైపు చూడలేదు. నేను గీత దాటేసరికి అంతా తువ్వాళ్ళు కప్పుకుని వెళ్ళిపోతున్నారు. ఆ రోజు నా వెనక ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఉంటే బాగుండుననిపించింది. అంతే."

ఇన్నేళ్ళ కాపురంలో జోహ్రాకి మాట దొరక్కపోవడం అదే మొదలు. అది కూడా ఎంతోసేపు కాదనుకోండి.

"అయితే మీ ఉద్యోగం?"

"నాకు ఇంకో బడి దొరుకుతుంది. ఎల్లమ్మకి దొరకదు."

సరిగ్గా అప్పుడే మార్కెట్టు సందులోంచి ఎల్లమ్మ ఊడిపడింది. నెత్తిన బుట్ట, చంకలో పుస్తకాలు. బోర్డు దగ్గర సారు పక్కన బురఖా మనిషిని చూసి బిక్కచచ్చిపోయి నిలబడిపోయింది.

"ఆగుతావేమే పిల్లా!" జోహ్రా ఒక్క ఉరుకున వెళ్ళి బుట్ట లాక్కుంది, పుస్తకాలు లాక్కుంది. "ఇవి నేను తెస్తా. నువ్వు పరుగెత్తు! ఇవాళ గంటకి ముందు వెళ్ళకపోతే మీ సారు ఉద్యోగం ఊడుతుంది!"

"సారుదా?" అంది ఎల్లమ్మ. ఇక ఆ తర్వాత అక్కడ ఎల్లమ్మ లేదు.

నెత్తిన బరువు లేకుండా ఆ పిల్ల పరుగెత్తడం బందరు చూడటం అదే మొదటిసారి. జట్కాలు పక్కకి తప్పుకున్నాయి. కోళ్ళు అరుగులెక్కాయి. దాని వెనక మాస్టారు బయల్దేరారు. జోహ్రా చేపలబుట్ట ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో కూలబడి, "తొక్కు రత్తయ్యా, తొక్కు" అని కేకలు పెడుతూ మొగుడి పక్కకి వచ్చేసరికి ఆయన మొహం చూసింది. పళ్ళు బిగుసుకున్నాయి, మెడ నరాలు తాళ్ళలా తేలాయి, కళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి. ముందు గదిలో ఫోటోలో ఉన్న మొహం అది! మాస్టారు నిజంగా పరుగెత్తుతున్నారు, ఒలింపిక్స్ పరుగు, ఒంట్లో ఉన్నదంతా పెట్టి. అయినా ఎల్లమ్మ అందట్లేదు. రోజూ కావాలని ఓడిపోయే మనిషి ఆ రోజు అసలు సిసలుగా, కళ్ళు తేలేసి, హాయిగా ఓడిపోతున్నారు.

గేటు బయట గోవర్ధనరావుగారు చేతిగడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నారు. లోపల భూషణం చెమటలు కక్కుతున్నాడు.

"వేళయింది. గంట కొట్టవేంరా?"

"సుత్తి కనపట్లేదండయ్యా."

"నీ చేతిలో ఉన్నదేంట్రా మరి?"

"ఇది ఇంటర్వెల్లు సుత్తండి. పొద్దుటి సుత్తి వేరేనండి."

గోవర్ధనరావుగారు ఇంటర్వెల్లు సుత్తి గురించి ఏదో అనబోయేలోగా ఎల్లమ్మ ఆయన కండువా ఎగిరేంత విసురుగా లోపలికి పోయింది. ఆ వెంటనే మాస్టారు. పొద్దుటి సుత్తి భూషణానికి వెంటనే దొరికింది. ఠంగుమని గంట మోగింది. ఏడాదిగా అలవాటైన చెయ్యి కదా, సారు లోపలికి రాగానే గేటు మూసి గడియ పెట్టేశాడు.

బయట గోవర్ధనరావుగారు మిగిలిపోయారు.

"ఒరేయ్ భూషణం, గేటు తియ్యి."

భూషణం చేతులు కట్టుకున్నాడు. "తియ్యకూడదండయ్యా. సారు తర్వాత వచ్చినవాళ్ళకి..."

"నేనెవర్నిరా!"

భూషణం గోడకేసి చూశాడు. గోవర్ధనరావుగారు కూడా చూశారు. నల్లరంగు వెలవలేదు. 'ఎంతటివారికైనను' మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. లోపల ప్రార్థనకి నిలబడ్డ బడంతా ఊపిరి బిగపట్టి చూస్తోంది.

ఆయన పక్కన రిక్షా ఆగింది. చేపలబుట్టతో జోహ్రా దిగింది.

"మీరూ లేటేనాండీ?" అంది.

ఆ తర్వాత ఆవిడ నోరు విప్పింది. ఎండలో, మూసిన గేటు ముందు, కదలడానికి వీల్లేకుండా దొరికిపోయాడు మనిషి! ఎల్లమ్మ మామ్మ దగ్గర్నుంచి పోస్టరు బోర్డు దాకా, కర్ర కుర్రాడి దగ్గర్నుంచి ఒలింపిక్స్ గీత దాకా, ఒక్కటి వదలకుండా చెప్పింది. గోవర్ధనరావుగారు మొదట గడియారం చూశారు. తర్వాత బుట్టకేసి చూశారు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, చాలాసేపు కండువా మొహం మీంచి తియ్యలేదు.

గేటు చప్పుడైంది. మాస్టారు బయటికొచ్చి, చుట్టూ తిరిగి, గోవర్ధనరావుగారి వెనకాల వచ్చి నిలబడ్డారు.

"ఇదేంటి మాస్టారూ?"

"మీరు ముందు లోపలికి నడవండి. నేను మీ తర్వాత వస్తాను. అప్పుడు మీరు లేటు కాదు."

గోవర్ధనరావుగారంత పరువుగల మనిషి పిల్లలందరి ముందు గేటు దాటుతూ, భూషణానికి వినపడేలా అన్నారు:

"ఇవాళ గాలి కాస్త ఎదురుగానే ఉందిరా."

బడంతా ఒక్కసారి గొల్లుమంది. గోడ మీద రాత అలాగే ఉండనిచ్చారు. హెడ్మాస్టరూ అలాగే ఉండిపోయారు.

కథ ఇక్కడితో అయిపోవాలి గానీ, జోహ్రాకి ఆ రాత్రి నుంచి కొత్త అనుమానం పట్టుకుంది. ఆదివారం దాకా ఆగి, మాస్టార్ని మంగినపూడి లాక్కెళ్ళింది. ఇసకలో నిలబెట్టి అడిగింది.

"నిజం చెప్పండి. పెళ్ళైన కొత్తలో ఇక్కడ నేను గెలిచానా, మీరు గెలిపించారా?"

మాస్టారు సముద్రం కేసి చూశారు. "ఆ రోజు గాలి..."

"చాలు! ఇప్పుడే తేల్చుకుందాం, రండి."

దూరాన ఇసకలో గెలుపు గీత గీసుకుని ఇద్దరూ బయల్దేరారు. కొంత దూరం వెళ్ళాక జోహ్రాకి మనసొప్పలేదు. పాపం, ఎన్నేళ్ళుగానో అందరి చేతా ఓడిపోతున్న మనిషి, నా మీదైనా గెలవనీ అనుకుని వేగం తగ్గించింది. పక్కకి చూస్తే ఆయనా తగ్గించారు. ఆవిడ ఇంకా తగ్గించింది. ఆయనా ఇంకా తగ్గించారు. పరుగు నడకైంది, నడక గీతకి అడుగు దూరంలో ఆగిపోయింది.

"మీరు వెళ్ళండి ముందు."

"నువ్వెళ్ళు."

"మీరే వెళ్ళాలి!"

"గాలి ఎదురొస్తోంది జోహ్రా."

ఇద్దరూ అలా వాదించుకుంటూ ఉండగా వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి ఓ పీత నింపాదిగా అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి, వాళ్ళు గీసుకున్న గీత దాటేసింది. జోహ్రా పొట్ట పట్టుకుని ఇసకలో కూలబడి నవ్వింది. పీత చేతిలో ఇద్దరం ఓడిపోయామన్న సంగతి బయటికి పొక్కితే పరువు పోతుందని, ఎట్టి పరిస్థితుల్లోనూ ఎవరికీ చెప్పకూడదని అక్కడే గట్టిగా అనుకుంది.

సాయంత్రానికి బందరంతా తెలిసిపోయింది.